నిలువురాళ్ళ ప్రేమికులు: మూడు పుస్తకాలపై ఒక పరిశీలన

ఏవ్‌బరీలో గొర్రెలు రాళ్ళ నీడన పడుకొని ఉంటాయి. స్టోన్‌హెంజ్‌లో వలె అక్కడ చుట్టూ తాడు కట్టి ఉండదు. ఊరి మధ్యగా బస్సు పోతుంది. వృత్తం నడుమనే ఇళ్ళు, ఒక మద్యశాల. దాదాపు 330 మీటర్ల అడ్డుకొలత గల ఆ వలయం చుట్టూ లోతైన గుంట, దాని వెలుపల మట్టికట్ట. ఆ గుంటకు ‘కందకం’ అన్న మాటను మేము సాయంకాలపు తెలుగు తరగతిలో నేర్చుకొన్నది ఈ స్థలం గురించి ఒక పేరా రాయవలసి వచ్చినప్పుడే. నాలుగున్నర వేల ఏళ్ళ నాటి మనుషులు దుప్పికొమ్ములతో తవ్వి, తొమ్మిది మీటర్లకు పైగా లోతు చేసిన కందకం అది. ఇప్పుడు సగానికి పైగా పూడిపోయింది.

ఉద్యోగ విరమణ తరువాత మేము అక్కడికి తరచుగా వెళుతున్నాము. ప్రతిసారీ రాళ్ళకంటే ఎక్కువగా రాళ్ళను చూడవచ్చినవారినే చూస్తూ ఉంటాము. ఒకరు రాతికి చెవి ఆనించి నిలుచుంటారు. మరొకరు రెండు తీగలు చేతబట్టి భూమిలోని శక్తిని వెదకుతారు. ఇంకొకరు మోకాళ్ళపై పటం పరచుకొని కొలబద్దతో గీతలు గీస్తారు. వీరిలో పురాతత్వం వృత్తిగా గలవారు అరుదు. గుమాస్తాలు, నర్సులు, మావంటి విశ్రాంత ఉపాధ్యాయులు. సెలవు దొరికితే చాలు, బురదబూట్లు తొడుక్కొని బయలుదేరేవారు. బ్రిటన్ ప్రాచీన శిలల చరిత్రలో సగం ఇటువంటి ఔత్సాహికులు రాసినదే. ఆ చరిత్రలో మూడు పుస్తకాలను మేము గత చలికాలంలో వరుసగా చదివాము. ఒక దేవాలయ పత్రికలో వాటి ప్రస్తావన ఎందుకన్న ప్రశ్నకు సమాధానం కొంత ఆలస్యంగా వస్తుంది. అందాక ఓపిక పట్టవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.

మొదటిది విలియం స్టూక్లీ గ్రంథం. ఆయనకు ముందు జాన్ ఆబ్రే ఉన్నారు. 1649 జనవరిలో వేటకు వచ్చి, గుర్రం మీద నుంచి ఈ రాళ్ళను చూసి నిశ్చేష్టుడైనవాడు ఆబ్రే. తరువాత రెండవ చార్లెస్ రాజునే అక్కడికి వెంటబెట్టుకొని వెళ్ళారు. కానీ ఏవ్‌బరీని ఏళ్ళ తరబడి కొలిచి, గీసి, రాసిపెట్టినవారు స్టూక్లీ. వృత్తిరీత్యా వైద్యులు. 1719 నుంచి 1724 వరకు ఏటేటా వచ్చారు. ఆయన వచ్చిన కాలం ఎటువంటిదంటే, ఊరి రైతులు ఆ రాళ్ళను పగులగొట్టి ఇళ్ళు కట్టుకొంటున్న కాలం. రాతి కింద గోతిలో గడ్డి మంట పెట్టి, రాయి కాలిన తరువాత దానిపై చన్నీళ్ళు గీతగా పోసి, ఆ గీత మీద సమ్మెటలతో కొట్టేవారు. స్టూక్లీ ఆ దృశ్యాన్ని బొమ్మ కూడా గీశారు. టామ్ రాబిన్సన్ అనే ఊరివాడిని రాళ్ళ హంతకుడని తిట్టిపోశారు. తిట్టినా, ఏ రాయి ఎక్కడ ఉండేదో, ఎవరు ఎప్పుడు పగులగొట్టారో ఊరివారిని అడిగి అడిగి గుర్తులు పెట్టుకొన్నారు.

ఆ గుర్తుల విలువ ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఏవ్‌బరీ వృత్తం నుంచి పడమరగా బెకాంప్టన్ వైపు జంటరాళ్ళ బాట ఒకటి ఉండేదని స్టూక్లీ రాశారు. ఇప్పుడక్కడ మిగిలినవి రెండే రాళ్ళు. వాటిని జనం ఆదాము, అవ్వ అని పిలుచుకొంటారు. రెండు వందల సంవత్సరాలకు పైగా పండితులలో చాలామంది ఆ బాట ఆయన ఊహ మాత్రమేనన్నారు. 1999లో విశ్వవిద్యాలయాలవారు ఆ పొలంలో తవ్వితే రాళ్ళు నిలిపిన గోతులు, పూడ్చిపెట్టిన రాళ్ళు బయటపడ్డాయి. స్టూక్లీ చెప్పినది నిజమే.

మరి ఆయనను పండితులు ఎందుకు నమ్మలేదు? తప్పు పూర్తిగా వారిది కాదు. 1743లో అచ్చయిన పుస్తకంలో స్టూక్లీ ఏవ్‌బరీని ఒక మహాసర్పంగా చిత్రించారు. రెండు రాతిబాటలు పాము శరీరమట. ఓవర్టన్ కొండ మీది చిన్న వృత్తాలు, ‘శాంక్చువరీ’ అని పిలిచే చోటు, దాని తలయట. ఇవన్నీ డ్రూయిడులనే ప్రాచీన పురోహితులు నిర్మించిన ఆలయాలట. అప్పటికి ఆయన వైద్యం మాని క్రైస్తవ మతగురువయ్యారు. ఆ పురోహితుల మతం క్రైస్తవానికి పూర్వరూపమని నిరూపించాలన్నది ఆయన సంకల్పం. ఇక్కడే మేము పుస్తకం మూసి కిటికీ వైపు చూస్తూ కూర్చొన్నాము. ఎందుకంటే, పొలంలో నిలబడి గీసిన తొలి చిత్రాలలో స్టూక్లీ ఆ కొండ మీది వృత్తాలను గుండ్రంగానే గీశారు. అచ్చులో అవి కోలగా మారాయి. పాము తల గుండ్రంగా ఉంటే బాగుండదు కదా! సరిచూడడానికి వీలు లేకుండా ఆ రాళ్ళను 1724 నాటికే తీసివేశారు. తాను కళ్ళారా చూసి, చేయారా కొలిచిన దానిని ఆయన తన కోరిక కోసం వంచారు.

1930లో మాడ్ కన్నింగ్‌టన్ ఆ కొండ మీద తవ్వి రాళ్ళ గోతులను మళ్ళీ కనుగొన్నారు. అవి గుండ్రంగానే ఉన్నాయి. ఆమె కూడా విశ్వవిద్యాలయాల మనిషి కారు. తనంతట తాను నేర్చుకొన్నవారు. ఆ చోటును వెదకడానికి ఆమెకు దారి చూపినవి స్టూక్లీ రాసిపెట్టిన వివరాలే. ఒకే మనిషి వదలిపోయిన రాతలలో ఒకటి దారి చూపితే మరొకటి దారి తప్పించింది.

డ్రూయిడుల సంగతి ఒక్క మాటలో ముగించవచ్చు. వారి గురించి రోమనులు రాసిన కాలానికి ఈ రాళ్ళ వయసు అప్పటికే రెండు వేల ఏళ్ళు. అయినా ఆ ఊహ సముద్రాలు దాటింది. 19వ శతాబ్దంలో నిజాం కొలువులో ఉండి షోరాపూరు సంస్థానాన్ని చూసిన మెడోస్ టైలర్, దక్కనులోని రాతి సమాధులను శ్రద్ధగా తవ్వి వర్ణించిన తొలివారిలో ఒకరు. ఆయన కూడా ఔత్సాహికుడే. తన వ్యాసపు శీర్షికలోనే ఆ సమాధులను కెల్టులవి, డ్రూయిడులవి, లేదా సిథియనులవి అన్నారు. దక్కను రైతులు రాకాసి గుళ్ళు అని పిలుచుకొన్న కట్టడాలకు ఆయన వెదకిన యజమానులందరూ దూరదేశాలవారే. బ్రిటన్ రాళ్ళకూ దక్కను రాళ్ళకూ మధ్య వెయ్యేళ్ళకు పైగా ఎడం ఉన్నదన్న సంగతి ఆ కాలంలో తెలిసే వీలు లేదు. కాబట్టి టైలరును నిందించము. ఆయన కొలతలు, చిత్రాలు నేటికీ పనికివస్తున్నాయి. ఈనాడు తెలంగాణలోని ముడుమాల నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. పిల్లలను తెలుగునేలకు తీసుకొని వెళ్ళే కుటుంబాలు హైదరాబాదులో ఒక రోజు తగ్గించుకొని కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరు చూసి రావచ్చు.

రెండవ పుస్తకం ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ 1925లో ప్రచురించిన ‘ది ఓల్డ్ స్ట్రెయిట్ ట్రాక్’. వాట్కిన్స్ హెరెఫర్డ్ పట్టణవాసి. కుటుంబానిది పిండిమర, సారాబట్టీ వ్యాపారం. ఆ పని మీద జిల్లా అంతా తిరిగినవారు. ఛాయాచిత్రకళలో నిపుణులు, వెలుగును కొలిచే చిన్న పరికరాన్ని తయారుచేసి పేరు తెచ్చుకొన్నారు. 1921 జూన్ 30న, తన అరవై ఆరవ ఏట, పటం చూస్తుండగా ఆయనకు ఒక సంగతి తట్టింది. మట్టిదిబ్బలు, నిలువురాళ్ళు, పాత చర్చీలు, కుంటలు, కొండనెత్తాలు ఒకే సరళరేఖ మీద వస్తున్నాయి! ప్రాచీనులు ఒక కొండ నుంచి మరొక కొండకు చూపు నిలిపి తిన్నని బాటలు వేసుకొన్నారని ఆయన తీర్మానించారు. ఆ రేఖలకు ‘లే’ అని పేరు పెట్టారు. ఆ ‘లే’లలో రహస్యశక్తి ప్రవహిస్తుందని ఆయన అనలేదు. అది 1960ల తరువాతి తరం తగిలించినది. వాట్కిన్స్ దృష్టిలో అవి ఉప్పు, చెకుముకిరాళ్ళు మోసుకొని పోయే మనుషుల దారులు మాత్రమే.

ఈ పుస్తకాన్ని మేము ఇష్టంగా చదివాము. మా ఈడు మనిషి, ఒక్క మధ్యాహ్నపు మెరుపుతో మిగిలిన జీవితమంతా వెలిగించుకొన్నారు. అయితే ఆయన వాదం నిలువదు. ఎందుకు నిలువదో మా తరగతిలోని పిల్లలకు ముగ్గుతో చూపించాము. ఒక పెద్ద కాగితం మీద గుప్పెడు బియ్యపుగింజలు చల్లి, గింజ పడిన చోటల్లా చుక్క పెట్టమన్నాము. తరువాత కొలబద్ద ఇచ్చి, నాలుగైదు చుక్కలు ఒకే వరుసలో వచ్చే గీతలు వెదకమన్నాము. పావుగంటలో పదకొండు గీతలు దొరికాయి. ఎవరూ ఏ బాటా వేయలేదు. ఇంగ్లండు వంటి, అడుగడుగునా పాత కట్టడమున్న దేశంలో చుక్కలకు కొదువ లేదు. పైగా వాట్కిన్స్ కాంస్యయుగపు దిబ్బనూ మధ్యయుగపు చర్చినీ ఒకే గీత మీద కూర్చారు. వాటి నడుమ రెండు మూడు వేల సంవత్సరాల అంతరం ఉన్నది. చర్చిని పాత పవిత్రస్థలం మీదనే కట్టి ఉంటారని ఆయన సమాధానం. కొన్నిచోట్ల అది నిజం కావచ్చును. కానీ ప్రతి చర్చికీ ఆ మాట వర్తించదు.

‘యాంటిక్విటీ’ పత్రిక సంపాదకులు క్రాఫర్డ్ ఈ పుస్తకపు ప్రకటనను, డబ్బిచ్చినా సరే, వేయడానికి నిరాకరించారు. మా అభిప్రాయంలో అది తొందరపాటు. వాట్కిన్స్ తన సాక్ష్యాన్ని దాచలేదు. ఏ పటం, ఏ గీత, ఏ చోట నిలబడి తీసిన ఛాయాచిత్రం అన్నదంతా పాఠకుని ముందు పరిచారు. ఆయనను ఓడించడానికి కావలసిన ఆయుధాలన్నీ ఆయన పుస్తకంలోనే దొరుకుతాయి. స్టూక్లీని పట్టుకోవాలంటే ఆయన వ్రాతప్రతులు వెదకవలసివచ్చింది. వాట్కిన్స్ విషయంలో కొలబద్ద చాలు. తప్పు చెప్పిన పుస్తకాలలో కూడా తరతమభేదాలు ఉన్నాయి. పిల్లలకు ఏదో ఒకటి ఇవ్వవలసివస్తే మేము వాట్కిన్స్‌నే ఇస్తాము.

మూడవది 1998 నాటి ‘ది మోడర్న్ యాంటిక్వేరియన్’. రచయిత జూలియన్ కోప్ రాక్ సంగీత గాయకులు. మా పెద్దకొడుకు కుర్రతనంలో ఆయన పాటలు గోడలు అదిరేటట్టు పెట్టేవాడు. ఆ మనిషి మాకు రాళ్ళ గురించి పాఠం చెబుతాడని కలలోనైనా అనుకోలేదు. పుస్తకం రెండు భాగాలు. మొదటిది వ్యాసాలు. రెండవది బ్రిటన్‌లోని మూడు వందలకు పైగా స్థలాల వర్ణన, రంగుల చిత్రాలతో. వ్యాసాలను మేము ఒప్పుకోలేము. ఊరిపేర్లలోని ధ్వనులను పట్టుకొని, ఒక పదాన్ని మరొకదానికి అతికించి, అన్నింటా మాతృదేవతను చూపించే పద్ధతి భాషాశాస్త్రం కాదు. మనలో కొందరు లండను పేరుకు, ఆస్ట్రేలియా పేరుకు సంస్కృత వ్యుత్పత్తి చెప్పి సంతోషించే పద్ధతికి అది కవల.

రెండవ భాగం సంగతి వేరు. ఇక్కడ కోప్ నడిచినవాడు. రాతిని ఒంటరిగా చూడరు. దాని వెనుక ఏ కొండ కనబడుతున్నది, ఎటు నుంచి వస్తే మొదట కనబడుతుంది అని చూస్తారు. సరిగా ఆ దశకంలోనే విశ్వవిద్యాలయాలవారు కూడా ప్రకృతితో కలిపి కట్టడాన్ని చదవాలని అంటున్నారు. వారి వాక్యాలు చదివి నిద్రపోయిన మేము, ఈ గాయకుని వాక్యాలు చదివి కారు తాళం తీసుకొన్నాము. పేరు లేని పొలంలో, ముళ్ళకంచె దాటి, నడుమెత్తు రాళ్ళు నాలుగు ఉన్న చోట్లకు జనాన్ని నడిపించిన పుస్తకం ఇది. స్టోన్‌హెంజ్‌ను చూసినవారు లక్షలలో ఉంటారు. ఆ నాలుగు రాళ్ళను ఒకరైనా చూసి, అవి ఇంకా నిలిచే ఉన్నాయని చెప్పడం కూడా ఒక రక్షణే.

ఇక మేము వాయిదా వేసిన సమాధానం.

మేము మారిషస్‌లో పుట్టాము. మా ముత్తాతలు చెరకుతోటల ఒప్పందం మీద ఆ దీవికి వచ్చిన కూలీలు. మా చిన్ననాట, చెరకు నరికిన తరువాత, పొలాల మధ్య నల్లరాళ్ళ గుట్టలు బయటపడేవి. అగ్నిపర్వతపు రాళ్ళు నిండిన నేల అది. చెరకు నాటాలంటే ముందు రాయి ఏరాలి. మొదట ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు ఏరారు; 1834 తరువాత క్రమంగా భారతీయ కూలీలు ఏరారు. ఏరిన రాళ్ళను వరుసలుగా, మెట్లుగా, గుట్టలుగా పేర్చారు. తన అత్తగారి చేతివేళ్ళు చివరి దాకా వంకరగానే ఉండేవని మా నాయనమ్మ చెప్పేది.

ప్లేన్ మాన్యాన్ వద్ద అటువంటి గుట్టలు ఏడు, మెట్లుమెట్లుగా, చక్కగా పేర్చినవి ఉన్నాయి. కొన్నేళ్ళ క్రితం ఐరోపా నుంచి వచ్చిన ప్రాచీనశిలల ప్రేమికులు వాటిని చూసి, ఇవి పిరమిడ్లని, మరచిపోయిన ఏదో మహానాగరికత కట్టినవని, సూర్యుని గమనానికి అనుగుణంగా ఉన్నాయని ప్రచారం చేశారు. 1598లో డచ్చివారు దిగేనాటికి ఆ దీవిలో నివసించే మనుషులే లేరన్న సంగతి వారికి అడ్డు కాలేదు. ఆ కథనాన్ని మొదటిసారి చదివినప్పుడు మాకు నవ్వు రాలేదు. ఆ గుట్టలో ప్రతి రాయినీ ఎత్తిన చేయి ఒకటి ఉన్నది. ఆ చేతికి కూలి నెలకు ఇన్ని రూపాయలని రిజిస్టరులో రాసి ఉన్నది. ఆ చేతిని తీసివేసి, అక్కడ పేరు లేని సూర్యపురోహితుణ్ణి నిలబెట్టారు. ఏవ్‌బరీ రాతిని పగులగొట్టిన రైతును స్టూక్లీ హంతకుడన్నప్పుడు మేము పూర్తిగా ఆయన పక్షాన ఉండలేకపోవడానికి కారణం కూడా ఇదే. పొలంలో అడ్డమైన రాతితో ఏమి చేయాలో మా ఇంట్లోవారికి తెలుసు.

అయితే మేము కూడా నిర్దోషులము కాము. ఈ శీర్షికలోనే కొన్నేళ్ళ క్రితం మా కుటుంబచరిత్ర రాశాము. కొందరు పాఠకులు దానిని మెచ్చుకొన్నారు. అందులో మా పూర్వికులు గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి గ్రామస్థులని, ఓడలు కట్టే వంశంవారని రాశాము. ఆధారమేమిటంటే, మారిషస్‌లో మమ్మల్ని అందరూ ‘కోరంగి’ అని పిలిచేవారు. కోరంగిలో ఓడల నిర్మాణం జరిగేది. రెండు చుక్కలు, ఒక గీత. ఆ తరువాత తెలిసినదేమంటే, ఆ రేవు నుంచి ఓడలెక్కిన కారణాన మారిషస్‌లో తెలుగువారినందరినీ ‘కోరంగి’ అనే అనేవారు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవారిని కూడా. మా ముత్తాత నమోదుపత్రంలో ఊరి పేరు ఉండవలసిన చోట కాగితం పురుగు తిన్నది. మిగిలినవి చివరి రెండు అక్షరాలు. అవి ఏ ఊరివో చెప్పలేము. ఓడలు కట్టే వంశమన్నది పూర్తిగా మా కల్పన. చెరకు నరికినవారి మనుమలమని చెప్పుకొనేకంటే ఓడలు కట్టినవారి మనుమలమని చెప్పుకోవడం మాకు ఇంపుగా తోచింది. స్టూక్లీ గుండ్రటి వృత్తాన్ని కోలగా గీసిన క్షణం మాకు అంత బాగా అర్థం కావడానికి వేరే కారణం లేదు. ఆ వ్యాసం చదివి, తమ పిల్లల బడి పనిలో దానిని వాడుకొన్న కుటుంబాలను మేము క్షమాపణ కోరుతున్నాము.

మా మనుమరాలు కూడా తన తరగతిలో ఓడల కథే చెప్పింది. గత వేసవిలో ఏవ్‌బరీకి వెళ్ళినప్పుడు దానితో ఆ సంగతి ఎత్తడానికి మేము తటపటాయిస్తూ ఉండగా, అదే ఒక చోట ఆగి, “తాతా, ఇవేమిటి? ఇవి పాతవి కావు కదా?” అని అడిగింది.

రాళ్ళ నడుమ చిన్న సిమెంటు దిమ్మెలు అవి. 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే సంపన్నుడు, పండ్లమురబ్బా వ్యాపారపు వారసుడు, ఏవ్‌బరీ భూమిని కొని, పడిపోయిన రాళ్ళను తవ్వి తీయించి యథాస్థానాలలో నిలబెట్టించారు. ఆ పనిలో వృత్తం లోపలి ఇళ్ళు కొన్నింటిని పడగొట్టించారు కూడా. దానిని మేము మెచ్చలేము. కానీ రాయి పూర్తిగా పోయిన చోట, గొయ్యి మాత్రమే మిగిలిన చోట, ఆయన నకిలీ రాతిని నిలబెట్టలేదు. ఎవరు చూసినా కొత్తదని తెలిసే సిమెంటు దిమ్మె పెట్టించారు.

ఆ సంగతి దానికి చెప్పాము. తరువాత, గొర్రెలు కదిలేదాకా కందకపు ఒడ్డున కూర్చొని, ఓడల సంగతి కూడా చెప్పాము. అది కొంతసేపు మాట్లాడలేదు. “మరి మా మిస్‌తో ఏం చెప్పను?” అన్నది చివరకు.

ఇంటికి వచ్చాక మా వంశవృక్షం పటంలో ‘కోరంగి’ అన్న మాటను తుడిచి, ఆ గడిలో బూడిదరంగు చతురస్రం ఒకటి దాని చేతనే వేయించాము. పురుగు వదలిన రెండు అక్షరాలను పక్కనే రాసింది.